ఎప్పుడైనాకి గాడి లేదు

బండి కొన్న మూడో రోజుకే నడుముకి తెలిసిపోయింది
ఇది నాకోసం బిగించిన బండి కాదని.
కాన్వెంట్ జంక్షన్ దగ్గర గతుకు దాటితే
సీటు నన్ను పైకి విసిరి
నేను దిగేలోపు తను ముందుకెళ్ళిపోయేది.
కరెంటు మీటర్లు చదివే మెషీను
సంచిలోంచి ఎగిరి రెండుసార్లు గెడ్డలో పడబోయింది.

జ్ఞానాపురంలో దాలయ్య షెడ్డు.
షెడ్డంటే రెండు రేకులు, ఒక ఫ్లెక్సీ,
ఫ్లెక్సీ మీద సగం చిరిగిన ఎవరిదో పుట్టినరోజు.
ఇంజను వైపు చూడనైనా లేదాయన.
వెనక్కి వెళ్ళి, గొంతుక్కూచుని,
షాకబ్జర్ల అడుగున చిటికెనవేలితో తడిమాడు
చంటిపిల్లకి పన్నొచ్చిందా అని చూసినట్టు.

"అయిదో గాడి" అన్నాడు.
"ఈ పక్కా అయిదే, ఆ పక్కా అయిదే.
ఎవుల బండమ్మా ఇది?"

సూరాడ తాతారావుదని చెప్పాను.
ఫిషింగ్ హార్బర్ నుంచి పూర్ణా మార్కెట్‌కి
తెల్లారగట్ల మూడింటికి ఐసు, చేపల ట్రేలు.
ఇప్పుడు ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు.
తాళాలిస్తూ ట్యాంకు మీద ఒక్క దెబ్బ వేశాడు,
తీరిపోయిన అప్పుకాగితం మీద వేసినట్టు.

"మరదే! నూట ఇరవై కేజీలు మోసిన బండి.
నువ్వు రెండు ట్రేలంత ఉంటావేటో.
నువ్వెక్కినట్టు దానికి తెల్దు."

నేను యాభై కేజీలు. సంచీతో యాభై రెండు.
పెళ్ళిచూపుల్లో ఎముకలు లెక్కపెట్టినవాళ్ళు తప్ప
నా బరువు గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడలేదు.

రింగు తిరగలేదు.
సముద్రం ఉన్న ఊళ్ళో ఇనుముకి ఇద్దరు యజమానులు,
కొన్న మనిషీ, ఉప్పుగాలీ.
ఎర్రటి తుప్పు మధ్య రెండు చేప పొలుసులు
ఎన్నాళ్ళవో, ఎండిపోయి, ఇంకా మెరుస్తూ.
దాలయ్య కిరసనాయిల్ పోసి "టీ తాగిరా" అన్నాడు.
వెళ్ళలేదు.
పోర్టు నుంచి బొగ్గేసుకుని గూడ్సు పోతోంది.
యాభై ఎనిమిది పెట్టెలు.
లెక్కపెట్టడం నా ఉద్యోగం.

కొక్కెం పానా తగిలించి ఒక్క గుంజు గుంజాడు.
జారింది. వేలి కణుపు చెయిన్ కవరుకి కొట్టుకుని తోలు లేచింది.
ఆ వేలు ఒకసారి చప్పరించి మళ్ళీ గుంజాడు.
టక్.
అయిదు నుంచి నాలుగు.
అంత చిన్న చప్పుడా!
అన్ని తెల్లారగట్లు, అన్ని వంజరాలు, చందువాలు, కనగర్తలు,
కాళ్ళ మీద కారిన ఐసునీళ్ళు,
ఆ ఒక్క టక్‌తో దిగిపోవడం మొదలెట్టాయి.
టక్. మూడు.

అక్కడ ఆగి తలెత్తాడు.
"ఎనకాల ఎవులైనా కూకుంటారా?"

ఎంత మామూలు ప్రశ్న.
బ్యాంకు ఫారంలో నామినీ గడి దగ్గర
పెన్ను ఆగినట్టే నోరూ ఆగింది.
అక్కయ్యపాలెం గదిలో ఒక చాప, ఒక కుర్చీ.
రెండో హెల్మెట్ మాత్రం ఉంది,
బండితోపాటు తాతారావు ఇచ్చింది, వద్దనలేకపోయాను.

"ఎప్పుడైనా" అన్నాను.

"ఎప్పుడైనాకి గాడి లేదమ్మా."
కోపంగా కాదు, ఆ పార్టు దొరకదని చెప్పినట్టు.
"రోజూ కూకుంటే మూడు. నేకపోతే రెండు.
రెండు పక్కలా ఒకలాగే ఉండాల.
ఒక పక్క అదీ ఒక పక్క ఇదీ అంటే
మలుపులో తోసేస్తాది."

రెండు, అన్నాను.
టక్.
ఆ పక్కకి తిరిగి మూడుసార్లు, టక్, టక్, టక్.

డెబ్బై రూపాయలు.
సిందియా వైపు పోనిచ్చాను. పనేం లేదు,
అటు రోడ్డు బాగోదని.
గుంత వచ్చింది. బండి కొంచెం కుంగింది,
కొంచెం లేచింది,
నేనున్న సంగతి మొదటిసారి లెక్కలోకి తీసుకుని.

ఎడం వైపు పొలుసొకటి అలాగే ఉండిపోయింది.
గోటితో గీకితే వచ్చేదే.

తిరిగొస్తూ పాత ఇనుప కొట్లో
కొక్కెం పానా ఒకటి కొన్నాను,
నూట పదంటే తొంభైకిచ్చాడు.
సీటు కింద, పొల్యూషన్ కాగితం పక్కన పెట్టాను.
ఎలా తిప్పాలో చూశాను కదా.